వెళ్ళొస్తానన్న దొంగ

మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లు కొలుచుకుని బతికిన ఆ రోజుల్లో, నేను ఒక పూట కారు దొంగనయ్యాను. ఐర్లండ్‌లో స్లైగో దగ్గర ఒక మందుల కంపెనీలో కొత్త ఇంజనీరుని. అక్కడే పనిచేసే గుంటూరు అంకుల్ ఇంట్లో ఒక గదిలో ఉండేవాణ్ణి. కరోనా ముదిరి ఆయన్ని అంబులెన్సు ఎక్కిస్తుంటే, మాస్కు కింద నుంచే "వెళ్ళొస్తాన్రా" అన్నాడు. ఫోను పట్టుకెళ్ళాడు గానీ ఛార్జరు మరిచాడు. మర్నాటికి ఆ ఫోను మూగబోయింది. ఆయన గొంతు వినందే ఆంటీ అన్నం ముట్టనంది.

ఛార్జరు ఇచ్చొద్దామంటే బస్సుల్లేవు. కారు అడుగుదామంటే అంకుల్ ఫోను పలకదు, ఆంటీకి అప్పుడే కునుకు పట్టింది. ఒక చీటీ రాసిపెడదామనైనా తట్టలేదు. (నన్ను ఇంజనీరుగా ఎలా తీసుకున్నారో ఇప్పటికీ అర్థం కాదు.) తాళాలు తీసుకుని, పొట్టివాణ్ణి గనక సీటు బాగా ముందుకు జరుపుకుని బయల్దేరాను. యజమాని ఆసుపత్రిలో ఉండగా ఎవడో మాస్కువాడు కారు తోలుకుపోతున్నాడని పక్కింటావిడ గార్డులకు (అక్కడ పోలీసుల్ని అలాగే అంటారు) ఫోను చేసిందని నాకేం తెలుసు?

ఊరి బయటే ఆపారు. "చెప్పకుండా తీసుకోవడం ఎలాగూ తప్పే. తిరిగి ఇచ్చేద్దామనా, ఉంచేసుకుందామనా? అది చెప్పు" అన్నాడు గార్డు. భయంలో మన మాటనే ఇంగ్లీషులోకి తిప్పి, "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను.

"గోయింగా, కమింగా? ఏదో ఒకటి చెప్పు నాయనా."

చివరికి ఇంటికి ఫోను చేశాడు. "మావాడే సార్. గో అండ్ కమ్ అన్నాడా, అయితే వస్తాడు. రానివాళ్ళు ఆ మాట అనరు" అని ఆంటీ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. గార్డు "గ్రాండ్" (అక్కడ 'సరే'కి అదే మాట) అని, నన్ను ఇంటికి పంపి, ఛార్జరు తనే ఆసుపత్రిలో ఇచ్చాడు.

సాయంత్రం అంకుల్ ఫోను. నర్సు అంతా చెప్పిందట. "ఏరా కారు దొంగా, సీటు ముందుకు లాగే ఉంటావ్. ఎనక్కి పెట్టెయ్, నేనొచ్చి కూర్చోవాల." ఆంటీ నవ్వింది, రెండు ముద్దలు తింది. నేను వెంటనే వెళ్ళి సీటు వెనక్కి జరిపాను. నాలుగో రోజున ఆయన పోయాడు.

మాట ఇచ్చి రాలేదని ఆయన మీద చాలాకాలం కోపంగా ఉండేది. తర్వాత ఆ గార్డు అడిగిన ప్రశ్న గుర్తొచ్చేది. సీటు వెనక్కి పెట్టమన్న మనిషికి తిరిగొచ్చే ఉద్దేశం లేదని ఎలా అంటాం?

ఆ కారు ఆంటీ నాకే ఇచ్చింది. చివరికి ఉంచేసుకున్నది నేనే. ఇప్పటికీ దిగేటప్పుడు సీటు వెనక్కి జరుపుతాను. "ఇంకెవరు తోలతారని?" అంటుంది మా ఆవిడ.