మామ మండీలో చిక్కుకున్న మిలిటరీ బండి

యుద్ధం ముగిసిన కొత్తలో మా చిత్తూరులో ఇరవై రెండేళ్ల కుర్రవాడికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పటివాళ్లు ఏదైనా కొనే ముందు నలుగురిని అడుగుతున్నారు. ఆ రోజుల్లో మేము ముందు కొనేసి, తర్వాత నలుగురూ అడిగితే సమాధానం చెప్పుకునేవాళ్లం. నేనైతే అడగకపోయినా చెప్పేవాణ్ణి. మా మేనమామకు ఊళ్లో బెల్లం మండీ ఉండేది. రైతులు తెచ్చిన బెల్లాన్ని అక్కడ దించుకుని వేలం వేయించేవాడు. చదువు పూర్తయ్యాక (అంటే అది నన్ను వదిలేశాక) నేను ఆ మండీలో గల్లాపెట్టె పక్కన కూర్చుని ఈగలు తోలుతూ ఉండేవాణ్ణి. బెల్లం మండీలో ఈగలు తోలడం మాటలు కాదు. ఎలాగైనా ఆ పని నుంచి బయటపడాలని గట్టిగా నిశ్చయించుకున్నాను.

పూతలపట్టు దాటి బండ్ల బాట పట్టి పోతే ఒక ఏరు, ఏటికి అవతల ఒక పల్లె ఉండేవి. ఆ పల్లె బెల్లం రంగు చూస్తేనే నోరూరేది. కానీ మావైపు రావాలంటే ఎద్దుల బండ్లు ఇసుకలో దిగబడతాయని, రైతులు ఆ సరుకంతా అవతలి గట్టునుంచి వచ్చే గుడియాత్తం అరవ వ్యాపారులకే అమ్మేసేవాళ్లు. ఆ మాట తలచుకుంటే మామకు కడుపు మండిపోయేది. సరిగ్గా అప్పుడే మద్రాసులో మిలిటరీవాళ్లు వదిలేసిన బండ్లను వేలం వేస్తున్నారని తెలిసింది. తిరుపతి కొండమీదికి బస్సులు ఎక్కుతుంటే మన బండి ఒక ఏరు దాటలేదా అని పోరుపెట్టి, మామ చేత ఒక చిన్న ట్రక్కు కొనిపించాను. కొన్నాడే గాని మోటారంటే ఆయనకు నమ్మకం లేదు. అందులో కాలు పెట్టనని అందరిముందూ చెప్పేశాడు.

“సూడు అల్లుడూ, ఆ పల్లె బెల్లం ఒక్క లోడు తెచ్చి నా మండీలో దించు. బండి నీ చేతికే వదిలేస్తా. నీ చేత కాకుంటే దాన్ని అమ్మేస్తా, నువ్వు ఈడ్నే కూసోని ఈగలు తోలుకో” అన్నాడు.

బండిని ఏటికి సిద్ధం చేసే పని వేలూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రికి అప్పగించాను. ఆయన యుద్ధకాలమంతా మిలిటరీ షెడ్డులో పనిచేసినవాడు. నేను ఒకటి అడిగితే రెండు చూపించేవాడు, నేను రెండూ కావాలనేవాణ్ణి. ముందు టైర్లు ఎంచుకున్నాం. గాలి మొత్తం పోయినా కుంగనంత మందమైనవి, తుపాకీ గుండు తగిలినా పరుగాపనివి. (పూతలపట్టు దారిలో మమ్మల్ని కాల్చేవాళ్లెవరూ లేరు. అయినా ముందుజాగ్రత్త మంచిదే కదా.) ఏటి రాళ్లు అడుగున తగలకూడదని చక్రాల మీది స్ప్రింగు కమానుల్లో అదనపు పట్టీలు వేయించి బండిని పైకి లేపాం. నీళ్లు పోకుండా పొగగొట్టాన్ని ఆకాశానికి ఎత్తి కట్టించాం. చింతకొమ్మలు తగిలినా వంగకుండా పైన ఇనుప చట్రం పెట్టించాం. దాన్ని బోల్టులతో బిగిద్దామా, కావాలంటే ఊడదీసుకోవచ్చు అని మేస్త్రి అడిగితే, ఊడేదాన్ని నేను నమ్మనని చెప్పి రివెట్లు కొట్టించాను. “సరి తంబీ, ఇంక యానై, అదే ఏనుగు, వచ్చినా దీన్ని పెరకలేదు” అని ఆయన నా వీపు తట్టాడు. బండి ఇంటిముందుకు వచ్చినప్పుడు మా అత్త పీట వేసుకుని దానిపైకెక్కి హారతి ఇవ్వాల్సి వచ్చింది. మామ దాని చుట్టూ తిరిగి చూసి లోపలికి పోయాడు. అది ఈర్ష్య అనుకున్నాను.

ఇక ఏటి సంగతి. అబద్ధమెందుకు, బండి నిజంగానే దాటింది. మేస్త్రి పక్కన కూర్చుని దేవుళ్లందరినీ అరవంలో పిలుస్తుంటే, నేను పళ్లు బిగబట్టి స్టీరింగు పట్టుకుని నీళ్లలోకి దించాను. మధ్యలో ఒకచోట ఇసుక చక్రాలను పట్టుకుంది. దిగి, చేతులతో తోడి, మళ్లీ ఎక్కాను. వెనక్కి పోదాం తంబీ అన్నాడు మేస్త్రి. వెనక ఈగలున్నాయి, నేను పోను అన్నాను. అవతలి గట్టెక్కేసరికి పల్లె పల్లెంతా గానుగ దగ్గర నిలబడి చూస్తోంది. గానుగకాడికి వచ్చినవాణ్ణి నోరు తీపి చేయకుండా పంపడం ఆ పక్క ఆనవాయితీ కాదు. చెరకు రసమూ వేడివేడి బెల్లమూ తినిపించి, బండి కూడా మొదటిసారి వచ్చిందే కదా అని దాని మూతికింత బెల్లం పూశారు. తర్వాత వద్దంటున్నా వినకుండా మూటల మీద మూటలు ఎక్కించారు. బండి బాగా కుంగింది. కుంగితే కుంగనీ, తిరిగి అదే ఏరు దాటి, ఎండ తిరగకముందే చిత్తూరు చేరి, మండీ వాకిట్లోంచి మహారాజులా లోపలికి నడిపించాను. హమాలీలు ఈలలు వేశారు. మామ ముఖంలో మొదటిసారి నా మీద గౌరవం కనిపించింది. అది బండి ఖాళీ అయ్యేదాకా ఉంది.

మూటలన్నీ దించాక బండిని వెనక్కి తీశాను. పెద్ద చప్పుడైంది. వాకిలిమీద మా తాత పెట్టించిన రాతి దూలం అడ్డంగా ఉంది, నా ఇనుప చట్రం దానికంటే జానెడు ఎత్తులో ఉంది. బరువు దిగిపోగానే కమాన్లు తేరుకుని బండిని లేపేశాయి. మామ నింపాదిగా వచ్చి దూలాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఏటిని గెలిసినావు సరే. మన వాకిలి కొలిసినావా అప్పా?” అన్నాడు.

చట్రం ఊడదీద్దామంటే రివెట్లు. టైర్ల గాలి తీద్దామంటే, తీశాం కూడా, అవి గాలి పోయినా కుంగని టైర్లు. నేను ఏరికోరి ఎంచుకున్న ప్రతి వస్తువూ మేస్త్రి చెప్పినట్టే పనిచేసింది. బెల్లమే మళ్లీ ఎక్కిద్దామంటే మామ ససేమిరా అన్నాడు. దిగిన సరుకు వేలం కాకుండా తిరిగి బండెక్కితే ఆ ఏడంతా మండీకి సరుకు రాదని వ్యాపారుల నమ్మకం. పోనీ బండినే అమ్మేయండి మామా అన్నాను ఏడుపు గొంతుతో. కొనేవాడు కూడా ఈడ్నే కాపురం పెట్టాల గదా అన్నాడాయన. అంత దుఃఖంలోనూ నేను ఓడిపోయానని ఒప్పుకోదలచుకోలేదు. బరువు కావాలి, అది బెల్లమే కానక్కర్లేదు అనిపించింది. హమాలీలను పిలిచి ఎక్కమన్నాను. వేలానికి వచ్చిన వ్యాపారులను బతిమాలి ఎక్కించాను, వాళ్లలో భారీ మనుషులకు కొదవలేదు. అందరూ కింద చతికిలబడ్డారు. బండి కుంగింది గాని, దూలం కిందికి ఇంకా రెండు వేళ్ల మందం దిగాలి. అందరి చూపూ మామ మీదికి పోయింది. మండీలో ఆయనంత బరువైన మనిషి లేడు.

 మోటారులో కాలు పెట్టనన్న ఆయనే చెప్పులు విడిచి, గుళ్లోకి పోతున్నవాడిలా బండెక్కాడు. నేను ఊపిరి బిగబట్టి బండిని వెనక్కి పోనిచ్చాను. చట్రం దూలాన్ని గీరుకుంటూ వీధిలోకి వచ్చింది. ఇక దిగండి మామా అన్నాను. ఎవరూ కదల్లేదు. మామ ఇనుప చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

“బండి పోనీ. ఆ ఏరు యాడుండాదో నేనూ సూడాల” అన్నాడు.

టైర్లకు గాలి కొట్టించుకుని ఆ సాయంత్రం మండీ అంతా ఏటికి పోయింది. నీళ్లు ఎగిరి మీద పడుతుంటే మామ పంచె పైకి కట్టి, చిన్నపిల్లాడిలా పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. మర్నాడు రాతిపనివాళ్లు వచ్చారు. మా తాత పెట్టించిన దూలాన్ని తీసేసి వాకిలి ఎత్తు చేయమని మామ వాళ్లకు చెబుతున్నాడు. అదేమిటి మామా, చట్రం కోయిస్తే పోయేది కదా అన్నాను. “వద్దు. బండి అట్లే ఉండనీ” అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఇప్పుడు నేను ఒక కుర్చీ కొనాలన్నా ముందు ఇంటి వాకిలి కొలుచుకుని గాని బజారుకు పోను. ఇంట్లోవాళ్లు ఎంత జాగ్రత్త గల మనిషో అని మెచ్చుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ ఇరవై రెండేళ్ల వెర్రివాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఇంత జాగ్రత్త అప్పుడే ఉండి ఉంటే వాడు ఆ ఏట్లో దిగేవాడే కాదు.