వాకిట్లో ఆపిన ఏడుపు

ఉదయం పదకొండు గంటలకు పులివెందుల బస్సు ప్రొద్దుటూరు వచ్చింది. రోజూ వచ్చేదే. ఆ రోజు అందులోంచి మా వదిన దిగింది. అప్పటినుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా పాప జ్వరంతో పోయింది. మా వైపు పలకరింపుకు వచ్చిన ఆడవాళ్లు బిడ్డ పోయిన తల్లి మెడ పట్టుకుని గొంతెత్తి ఏడుస్తారు. వచ్చిన ప్రతి మనిషితోనూ ఆ ఏడుపు మళ్లీ మొదటినుంచి. నాకది మోటుగా తోచింది. గ్రంథాలయం నుంచి మనశ్శాంతి గురించిన పుస్తకం ఒకటి తెచ్చాను. దుఃఖాన్ని రేపేవాళ్లను దూరంగా ఉంచమని అందులో రాసి ఉంది. సాయంత్రాలు నా భార్య లక్ష్మమ్మకు చదివి వినిపించేవాణ్ని. గోడకు ఆనుకుని కూర్చునేది. వింటోందనే అనుకున్నాను.

వదిన ఆమె సొంత అక్క. కబురు ఆలస్యంగా అందింది. జొన్నరొట్టెల మూటతో వచ్చేసరికి లక్ష్మమ్మ పెరట్లో ఉంది. నేను వాకిట్లో అడ్డం నిలబడ్డాను.

"ఏందప్పా, ఈడ్నే నిలబెడ్తాండావు? నా చెల్లెలు యాడ?"

"ఇప్పుడొద్దు వదినా. నిన్ను చూస్తే మళ్లా ఏడుస్తాది."

"ఏడ్చాలనే కదప్పా నేనొచ్చింది! బిడ్డ పోయినామె ఏడ్చక నవ్వుతాదా?"

"మనసు కుదుటపడాల. పుస్తకం చదివి చెప్తాండా."

"పుస్తకానికి మెడ ఉండాదా, పట్టుకోని ఏడ్చేదానికి?"

వాకిలికి చెయ్యి అడ్డం పెట్టి అనేశాను. "ఎవురినీ రానీయొద్దని ఆమే చెప్పింది."

"నన్ను కూడానా?"

"నిన్ను కూడా."

మూట అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రొట్టెలు వీధి చివర ఆవుకు పెట్టాను. సాయంత్రం లక్ష్మమ్మ అడిగింది, మా అక్క రాలేదా అని. రాలేదన్నాను.

తర్వాత ఆమె ఏడవలేదు. పుస్తకం పనిచేసిందని సంతోషించాను. ఎంత మూర్ఖుణ్ని! జమ్మలమడుగులో ఒక పెళ్లిలో అక్కాచెల్లెళ్లు చెరొక మూల కూర్చున్నారు. నేను మధ్యలో తాంబూలం నములుతున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఒక్క మాట. ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను, ఇంటికి పోయాక పండగ వెళ్లనీ అనుకున్నాను, అలా లక్ష్మమ్మ బతికినంత కాలమూ గడిచిపోయింది.

ఆమె పోయిన రోజు వదిన వచ్చింది. ఈసారి ఎవరూ ఆపలేదు. చెల్లెలి పక్కన కూర్చుని మొహంలోకి చూస్తూ, "ఇప్పుడు రావచ్చునా?" అని మాత్రం అంది. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

తప్పు పుస్తకానిదని కొన్నేళ్లు నమ్మాను. కాదు. పాప నాకూ పాపే. లక్ష్మమ్మ గొంతెత్తితే నేనూ నిలబడలేనని భయపడ్డాను. నా చెవుల కోసం ఆమె నోరు మూయించి, దానికి మనశ్శాంతి అని పేరు పెట్టాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లెందుకు పట్టింది? తెలియదు. రాశాను. అంతే.

వదిన పులివెందులలోనే ఉంది. చెల్లెలు పోయిన రోజు తర్వాత ఆమె మా వాకిలి తొక్కలేదు. ఈ ఇంట్లో ఇప్పుడు సాయంత్రాలు పుస్తకం చదవరు.