చస్తున్న రాజుకు సోడా

ఒక రాజు పద్ధతిగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ప్రాణం వదులుతుంటే మధ్యలో దూరి ఆయన చావును చెడగొట్టిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. పేరు వెంకటరమణ. పుట్టింది రాయచోటి పక్కన, బతుకుతున్నది కువైట్‌లో. ఆ సాయంత్రం నేను చేసిన ఘనకార్యానికి మర్నాడే నన్ను విమానం ఎక్కించి పంపేయాల్సింది. ఎందుకు పంపలేదో చెప్తాను. మీరు కడుపుబ్బా నవ్వుకోండి, నేనూ నవ్వుతాను. కాకపోతే నవ్విన ప్రతిసారీ ఒక ముసలాయనకు మనసులో దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటు.

అప్పట్లో నేను సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో పని చేసేవాణ్ణి. సభలకీ నాటకాలకీ స్టేజీలు, తెరలు, లైట్లు అద్దెకిచ్చే కంపెనీ. యజమాని ఒక కువైటీ, మమ్మల్ని వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్. పేరుకు డ్రైవర్‌నే గానీ, మేకు కొట్టడం నుంచి టీ తేవడం దాకా అన్నీ నేనే. మా మేనేజర్ సుధాకర్ గారిది విజయవాడ. మంచి మనిషే, కానీ ఏ ప్రోగ్రాం వచ్చినా ఆడపెళ్లివారిలా కంగారు పడిపోతారు. ఆ నెలలోనే నా ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, అయిపోతోంది. దాన్ని కొత్తది చేయిస్తారో, కొందరిని తీసేస్తున్నారు కాబట్టి అందులో నన్నూ కలిపేస్తారో తెలియక నాకు అన్నం సహించడం లేదు. సరిగ్గా అప్పుడే ఆయన నన్ను పిలిచారు.

“రమణా, ఇంగ్లండ్ నుంచి ఒక మహానటుడు వస్తున్నారయ్యా. నాటకాలైనా సినిమాలైనా ఆయన పేరు చెబితే అక్కడివాళ్లు లేచి నిలబడతారు. రాణిగారే పిలిచి బిరుదిచ్చారు.”

“ఈడికొచ్చి ఏం చేస్తాడు సార్ అంత పెద్దాయన?”

“తన నటజీవితమంతా తనే ఒక్కరూ ఆడి చూపిస్తారు. మొదటి వేషం నుంచి ముసలి రాజు వేషం దాకా. నువ్వు ఆయన్ని బండిలో తిప్పాలి, పక్కనే ఉండాలి. ముఖ్యంగా ఆయన గొంతు! ఆ గొంతుకేమన్నా అయిందో, ప్రోగ్రాం పోతుంది. ప్రోగ్రాం పోతే కఫీల్ నన్ను ఇంటికి పంపిస్తాడు. నేను వెళ్లేముందు నిన్ను పంపిస్తాను. అర్థమైందా?”

“అర్థమైంది సార్. గొంతు నాకొదిలేయండి.”

“ఇంకొకటి. టికెట్లు కొన్ని మిగిలిపోయాయి. వెనక వరసలు బోసిగా ఉంటే బాగోదు. మీ వాళ్లెవరన్నా ఉంటే పట్రా. ఉతికిన చొక్కాలు వేసుకోమను.”

అయ్యా, అమ్మా, తర్వాత నన్ను తిట్టాలనిపించినప్పుడు గొంతు చూసుకోమన్నదీ, మనవాళ్లను పట్రమ్మన్నదీ, ఈ రెండు మాటలూ నావి కావని మాత్రం గుర్తుపెట్టుకోండి.

పెద్దాయన వచ్చారు. వెదురుబొంగులా పొడుగ్గా, తెల్లటి జుట్టుతో ఉన్నారు. బండి వెనక తలుపు నేను తీసి పట్టుకుంటే, ఆయన ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు. బస ఫింటాస్‌లో, సముద్రం ఎదురుగా. రోజూ అక్కడి నుంచి హాలుకు తీసుకుపోయి, మళ్లీ దించేవాణ్ణి. నా ఇంగ్లీషు లైసెన్సు లేని బండి, నడుస్తుంది గానీ ఎక్కడ పట్టుబడుతుందో తెలీదు. అయినా ఆయన ఓపిగ్గా విని, ఓపిగ్గా చెప్పేవారు.

“మొదటి వేషం ఏంది సార్?” అని అడిగాను.

“ఈటె పట్టుకుని నిలబడటం. ఒక్క మాట లేదు. మా అమ్మ చూసి, ఈటె చాలా నిటారుగా ఉందిరా అని మెచ్చుకుంది.”

“సినిమాల్లో?”

“సినిమాల్లో నన్ను చంపడానికే పిలిచేవారు. విషం పెట్టారు, ఉరి తీశారు, రైల్లోంచి తోసేశారు. ఒకసారి నా మీద పియానో పడేశారు. జుట్టు నెరిశాక తాతయ్యను చేశారు. ఇప్పుడు మంచం మీద చస్తున్నాను, కాస్త సుఖంగా ఉంది.”

ఇన్ని చావులు చచ్చిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఎందుకు దాచాలి, నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. ఎందుకంటే నేనూ నాటకాలవాణ్ణే. నవ్వకండి. మా ఊళ్లో పద్యనాటకాల కంపెనీలో నాకు చాలా పెద్ద ఉద్యోగం ఉండేది. సోడా అందించడం. మా వైపు పద్యనాటకం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రాజు వేషగాడు పద్యం ఎత్తుకుని, రాగం మీద రాగం తీసి, గొంతు బొంగురుపోయే సమయానికి పక్క నుంచి సోడా రావాలి. అది యుద్ధమైనా సరే, అడవైనా సరే. రాజు రెండు గుక్కలు తాగి, సీసా తిరిగిచ్చి, మళ్లీ ఏడుపు అందుకుంటాడు. జనం ఒక్కరు కూడా తప్పు పట్టరు. సోడా ఆలస్యమైతేనే తిడతారు.

ప్రోగ్రాం రోజు సాయంత్రం వెనక వరసలు నిండాయి. వఫ్రా తోటల్లో దోసకాయలు పెంచే మా ఓబులేసు మామ, ఉతికిన చొక్కాల దండుతో దిగాడు. ఆయన నాటకాల పిచ్చి ఎంతటిదంటే, ఊళ్లో నాటకం ఉందని సొంత పెళ్లిచూపులు కూడా వాయిదా వేసుకున్నాడు.

“ఏమిరా రమణా, ఇంగ్లీషు నాటకమంటనే! మాకేం అర్థమైతాది?”

“మామా, నోరు మూసుకుని కూర్చోండి. ముందర వరసలో కఫీల్ ఉండాడు. నా ఇఖామా ఆయన చేతిలో ఉండాది.”

“పద్యాలుంటాయా?”

“ఉండవు మామా.”

“పద్యాల్లేని రాజు యాడి రాజురా!” అంటూనే కూర్చున్నాడు.

తెర లేచింది. పెద్దాయన ఒక్కరే, ఒక కుర్చీ, అంతే. ఈటె పట్టిన కుర్రాడయ్యారు. పూలు పట్టుకుని ప్రేమలో పడ్డారు, తాగుబోతయ్యారు, జడ్జి అయ్యారు. పియానో కింద పడి చచ్చిన ముచ్చట చెబుతుంటే మా ఓబులేసు మామ కూడా, భాష రాకపోయినా, తొడ కొట్టుకుని నవ్వాడు. నేను స్టేజీ పక్కన తెర చాటున నిలబడ్డాను. చేతిలో బకాలా కొట్లో కొన్న సోడా డబ్బా. గొంతు నాకొదిలేయమని మాటిచ్చిన మనిషిని కదా!

చివరికి నెత్తిన కిరీటంతో ముసలి రాజు వేషం వచ్చింది. యుద్ధంలో ఓడిపోయి, అందరూ వదిలేసి పోగా, కుర్చీలో ఒరిగి ప్రాణం విడిచే రాజు. హాలంతా చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ టక్కున ఆగిపోయారు. నోరు తెరిచారు, మాట రాలేదు. చెయ్యి మెల్లగా గొంతు మీదికి పోయింది. కళ్లు తిప్పి, తెర చాటున ఉన్న నా వైపు చూశారు.

అంతే. గొంతు పోయింది! గొంతు పోతే ప్రోగ్రాం పోయింది, ప్రోగ్రాం పోతే మేనేజర్ పోయారు, మేనేజర్ పోయేముందు నేను పోయాను. నా కాళ్లు నన్నడగకుండానే స్టేజీ ఎక్కేశాయి.

ఆయన చొక్కాకు మైకు ఉందన్న సంగతి నాకు గుర్తులేదు. డబ్బా మూత లాగాను. ‘టప్... స్స్‌స్స్’మని ఆ చప్పుడు హాలంతా మోగింది. ముందు వరసలో ఒకావిడ ఉలిక్కిపడింది.

“తాగండి సార్, గొంతు సర్దుకుంటాది,” అన్నాను. అదీ హాలంతా మోగింది.

రాజు నన్ను చూశారు. డబ్బాను చూశారు. తర్వాత రెండు చేతులతో అందుకుని, గొప్ప దాహం వేసినవాడిలా తాగారు. తాగి, నా తల మీద చెయ్యి పెట్టి, రాజు గొంతుతోనే అన్నారు: “అందరూ వెళ్లిపోయారు. ఇతనొక్కడు మిగిలాడు.”

హాల్లో చప్పట్లు పడ్డాయి. ఇది కూడా నాటకంలో భాగమే అనుకున్నారు పాపం! నేను అప్పుడే దిగిపోయి ఉంటే ఈ కథే లేదు. కానీ చప్పట్లు విన్న కళాకారుడు ఊరుకుంటాడా? జనానికి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టాను. వెంటనే వెనక వరసల్లోంచి ఈలలు.

“ఒరేయ్, మన రమణరా!”

“మాటల్లేని వేషమిచ్చినారా రమణా?”

అంతటితో ఆగినా బాగుండేది. పోతూ పోతూ భుజం మీది తువ్వాలుతో రాజుగారి నుదురు తుడిచాను. మా నాటకాల కంపెనీలో అదీ నా డ్యూటీనే మరి. అవతలి తెర చాటున సుధాకర్ గారు రెండు చేతులూ ఊపుతూ ఎగురుతున్నారు. మెచ్చుకుంటున్నారనుకుని ఆయనకూ నమస్కారం పెట్టాను.

నేను దిగాక పెద్దాయన నాలుగు మాటలు చెప్పి, తల వాల్చి ప్రాణం విడిచారు. తెర పడింది. హమ్మయ్య అనుకున్నాను. అయ్యవారిని చేయబోతే కోతి అయిందంటారు. నా విషయంలో కోతి అప్పటికే తయారైంది, తోక ఒక్కటే మిగిలి ఉంది. ఆ తోక వెనక వరసలోంచి లేచింది.

“వన్స్ మోర్!” అని ఓబులేసు మామ కేక. దానివెంట దండు మొత్తం: “వన్స్ మోర్! వన్స్ మోర్!”

మా వైపు అది మర్యాద. రాజు బాగా చస్తే మళ్లీ చావమని అడుగుతారు. అడక్కపోతే వేషగాడికి అవమానం. సుధాకర్ గారు పరిగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకున్నారు.

“ఏవయ్యా, ఆపించు వాళ్లని! చచ్చిపోయినాయన్ని వన్స్ మోరేంటయ్యా!”

“అది ఆగదు సార్. లేచేదాకా అరుస్తారు.”

తెర వెనక కుర్చీలో చచ్చిపోయి ఉన్న రాజు ఒక కన్ను తెరిచారు. “వన్స్ మోర్ ఏమిటి? ఏం కావాలి వాళ్లకు?”

“మీరు మళ్లీ చావాలంట సార్,” అన్నాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పేంత ఇంగ్లీషు నాకు లేదు.

“నిజంగా?”

“చాలా బాగా చచ్చినారంట సార్.”

ఆయన ముఖంలో ఏదో వెలుగు కనిపించింది. కుర్చీలో సర్దుకుని కూర్చుని, “తెర ఎత్తండి,” అన్నారు.

రెండోసారి చావు ఎలా చెప్పను! మొదటిసారి వినని మాటలెన్నో వచ్చాయి. గొంతు ఎక్కడా ఆగలేదు. నాకు సగం అర్థం కాలేదు, ఏడుపు మాత్రం ఆగలేదు. తువ్వాలు నా ముఖానికే చాల్లేదు. ఆయన తల వాల్చేసరికి ముందు వరసల దొరలు, దొరసానులు, కువైటీలు, వెనక మా వఫ్రా దండు, హాలంతా లేచి నిలబడింది.

అయినా తప్పు తప్పే కదా. గ్రీన్ రూములోకి నన్ను పిలిచారు. మా కఫీల్ తెల్లటి దిష్‌దాషా అంగీలో నిలబడి ఉన్నాడు. సుధాకర్ గారి ముఖం సున్నం కొట్టినట్టుంది.

“శ్‌నూ హాదా?” అన్నాడు కఫీల్ నన్ను చూపిస్తూ. ఇదేమిటి, అని. “ఇంత పెద్ద మనిషిని నా అతిథిగా పిలిస్తే, మధ్యలో సోడా అమ్మేవాడెవడు?”

“మనవాడే సార్,” అన్నారు సుధాకర్ గారు నీరసంగా. నా వైపు తిరిగి, తెలుగులో, “ఖలాస్ రమణా. ఇంక నా చేతుల్లో లేదు,” అన్నారు.

స్టేజీ తొక్కనేల, కాళ్లు పట్టుకోనేల! నేను పట్టుకోవడానికి వంగేలోపే, అద్దం ముందు రంగు తుడుచుకుంటున్న పెద్దాయన లేచి నిలబడ్డారు.

“అతన్ని ఏమీ అనకండి,” అన్నారు. “నా గొంతు పోలేదు. నేను మాటలు మరిచిపోయాను.”

సుధాకర్ గారు భయపడుతూనే ఆయన ప్రతి మాటనూ కఫీల్‌కు అరబ్బీలో చెప్పారు.

“ఈ మధ్య అలా జరుగుతోంది,” అన్నారు ఆయన. “ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక పిలవరు. ఇవాళ అక్కడ కూర్చుని, నా పని అయిపోయిందనుకున్నాను. ఇతను వచ్చి తాగడానికిచ్చి నాకు ఊపిరి తీసుకునే సమయమిచ్చాడు. అయినా సగం మాటలు ఎగిరిపోయాయి, సగం చావే చచ్చాను. ఇతని మనుషులు మళ్లీ అడిగారు. రెండోసారి అన్నీ గుర్తొచ్చాయి. నాకు రెండో అవకాశం ఇచ్చినవాళ్లు ఇన్నేళ్లలో వీళ్లే.”

ఆ మాట నాకెంత బరువైందో ఇప్పటికీ చెప్పలేను. జీవితమంతా సంపాదించుకున్న పేరును ఆ మనిషి ఒక డ్రైవర్ ఇఖామా కోసం అద్దం ముందు విప్పి పెట్టేశారు. నేను ఏడ్చేశాను. కఫీల్ మొత్తం విని, ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. తర్వాత సుధాకర్ గారితో, “ఇతని ఇఖామా రేపే చేయించు. ఈ గదిలో విన్నది ఈ గదిలోనే ఉంటుంది,” అన్నాడు.

మరి నేనెందుకు చెప్తున్నానంటారా? ఎయిర్‌పోర్టులో దించేటప్పుడు ఆయన్నే అడిగాను. “నా పేరు వదిలెయ్, మిగతాది ఎంత పెంచి చెప్పినా పర్లేదు,” అన్నారు. పేరు వదిలేశాను. పెంచడం మాత్రం అవసరం పడలేదు.

ఇంతకీ గ్రీన్ రూములో మేమలా కన్నీళ్లు తుడుచుకుంటుండగా తలుపు తోసుకుని ఓబులేసు మామ తల లోపలికొచ్చింది.

“రమణా, మా రెండో బండి దారి తప్పి ఇప్పుడొచ్చినాదిరా. పాపం వఫ్రా నుంచి వచ్చినారు. ఆ సామిని ఇంకొక్కసారి సచ్చిపొమ్మని అడుగుతావా?”

వద్దు వద్దంటున్నా పెద్దాయన పట్టుబట్టి నాతో తర్జుమా చేయించుకున్నారు. చేయించుకుని, పడీపడీ నవ్వి, మళ్లీ కిరీటం పెట్టుకున్నారు.

కాబట్టి ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నేను, వెంకటరమణ అనువాణ్ణి, ఇకమీదట ఏ దేశపు రాజు, ఏ స్టేజీ మీద, ఎంత దాహంతో చస్తున్నా సరే, తెర దాటి అడుగు ముందుకు వేయను. ఆ ఒక్క రాజు నా వైపు చూస్తే తప్ప.