కొంగు మారిన బొమ్మ

బొమ్మ పూర్తయిందనిపించగానే వనజ దానికి వీపు తిప్పి నిలబడుతుంది. సంచిలోంచి అరచేయంత అద్దం తీసి, భుజం మీదుగా ఎత్తి, వెనకున్న బొమ్మను అందులో చూస్తుంది. గీస్తూ గీస్తూ కంటికి అలవాటైపోయిన తప్పు అద్దంలో కొత్తగా కనిపిస్తుంది. ఒక కన్ను పైకి పోయి ఉంటుంది, లేదా దవడ ఒరిగి ఉంటుంది. దిద్దుతుంది. మళ్లీ వీపు తిప్పుతుంది.

ఇది తండ్రి చిన్నరాములు నేర్పిన పద్ధతి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల గోడల మీద భద్రతా సూక్తులు రాసి, లారీల వెనక నెమళ్లు వేసి బతికిన మనిషి. అద్దం కూడా ఆయనదే. "అద్దానికి మొహమాటం లేదు బిడ్డా" అనేవాడు.

ఆయన పోయాక వనజ బస్టాండు వెనక సందులో చిన్న కొట్టు పెట్టుకుంది. పైన బోర్డు: చేతితో గీసిన బొమ్మలు. ఎక్కువగా వచ్చేది పోయినవాళ్ల పటాల కోసమే. తర్వాత కంపెనీల పోస్టర్లు వచ్చాయి. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గ్లవ్స్ వేసుకున్న చేయి. వాటి కోసం ట్యాబ్ కొన్నది. పోస్టర్లకు ట్యాబ్, పటాలకు కాగితం అని మొదట్లో గీత గీసుకుంది. ఆ గీతే మెల్లగా చెరిగింది. ముందు చిన్న ఫొటోను పెద్దది చేసి చూసుకోవడానికి ట్యాబ్ తీసింది. తర్వాత ముఖం కొలతలు అందులోనే కుదుర్చుకుంది. ఆ తర్వాత బొమ్మంతా అందులోనే. పెన్ను నా చేతిలోనే ఉంది గదా అనుకునేది.

గరుకు కాగితం మీద ప్రింటు తీయించి, వెంట్రుకల మీద, కనుబొమల మీద నాలుగు గీతలు బొగ్గు పెన్సిలుతో గీసేది. పటం తీసుకునేవాళ్లు వేలితో రుద్ది చూస్తారు. మసి అంటితే చేతి బొమ్మ. ఆ గీతలు బొమ్మకు అక్కర్లేదు. వేళ్లకే కావాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు.

జంగయ్య ఇంద్రేశం నుంచి వచ్చాడు. ఒకప్పుడు పొలం కూలి, ఇప్పుడు తెల్లాపూర్ అపార్టుమెంట్లలో తోటపని. భార్య మొగులమ్మ చనిపోయి ఏడాది నిండలేదు. పెళ్లిలో ఎవరో ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కటే ఉంది. గుంపులో చివరన నిలబడి ఉంది ఆమె. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది. బర్రె కొమ్ము తగిలిన మచ్చ.

"పెత్రమాసకు పెద్దలకు పెట్టుకుంటం బిడ్డా. గప్పటికి కావాలె" అన్నాడు. "చేతితోనే గీస్తవు గద? మా తమ్మునిది మిషిన్ల తీపిచ్చినం. ఏడాది తిరగకముందే మొకం ఎలిసిపోయింది. రెండోపారి సచ్చినట్టయింది."

"చేతితోనే, కాకా" అంది వనజ.

ట్యాబ్‌లో అద్దంతో పని లేదు. ఒక గుర్తు నొక్కితే బొమ్మ కుడి ఎడమలు మారిపోతుంది. మళ్లీ నొక్కితే మామూలవుతుంది. మొగులమ్మ కనుబొమను అలా తిప్పి చూసి దిద్దుతుండగా ఏదో కంపెనీ సూపర్‌వైజర్ పోస్టర్ల కోసం ఫోన్ చేశాడు. మాట్లాడి వచ్చి, మళ్లీ నొక్కడం మరిచి, తిరగబడి ఉన్న బొమ్మ మీదే మిగతా పని ముగించి ప్రింటుకు పంపింది. ప్రింటు వచ్చాక అలవాటు కొద్దీ వీపు తిప్పి అద్దంలో చూసింది. అద్దంలో మొగులమ్మ సరిగ్గా ఉంది. కొంగు ఎడమ భుజం మీదే ఉంది. తిరగబడిన బొమ్మను అద్దం మళ్లీ తిప్పి చూపింది. తప్పు దొరకలేదు.

జంగయ్య వచ్చి వేలితో రుద్దాడు. మసి అంటింది. ఆ వేలును తుడుచుకోకుండానే పటాన్ని తువాలులో చుట్టుకుని పోయాడు.

పెత్రమాస నాడు మధ్యాహ్నం తువాలు మళ్లీ కొట్టుకు వచ్చింది. జంగయ్యను ముందు పెట్టుకుని అతని చెల్లెలు ముత్యమ్మ వచ్చింది.

"ఏం బిడ్డా, మా వదినె సేటమ్మ ఎప్పుడైంది? కొంగు గీ దిక్కేసింది. మార్వాడి దుకాణంల కూసుంటదా ఇగ?"

వనజ పటం వైపు చూసింది. ఒక్క చూపులోనే అర్థమైంది. కొంగు కుడి భుజం మీద ఉంది.

"బర్రె గా దిక్కు పొడిస్తె దెబ్బ గీ దిక్కు తాకిందా? పెద్దలకు పెట్టెతప్పుడు చుట్టాలంత నవ్విన్రు" అంది ముత్యమ్మ. "గిది మిషిన్ పనేనంటున్నడు మా చిన్నోడు."

"ఊకో చెల్లె" అన్నాడు జంగయ్య. "మిషిన్ గిట్ల చేస్తదా? మిషిన్ తప్పు చెయ్యది. చెయ్యే చేస్తది. మనం నాటేసెతప్పుడు సాలు తప్పలేదా? గా పొల్ల వేళ్లు సూడు, ఎంత మసున్నదో. చేతిది కావాలన్నది నేనే. ఇగ తప్పుగూడ నాదే."

వనజ వేళ్లను చున్నీలో దాచుకుంది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ముత్యమ్మ ఆమె ముఖంలోకే చూస్తోంది.

"సరి చేసిస్త కాకా. ఇక్కడ పెట్టి పోండ్రి" అంది. అంతే అంది.

"ఇయ్యాల పెట్టి పోవద్దు. ఇంటికి తెచ్చుకున్న మనిషిని పండుగ నాడు యాడ ఇడిసిపెడత?" అని మళ్లీ తువాలులో చుట్టుకున్నాడు. పోతూ పోతూ చెల్లెలితో అంటున్నాడు, "గా పొల్లను పరేషాన్ చేస్తివి."

వనజకు ఆ పూట పని సాగలేదు. తిట్టి ఉంటే భరించేది. పైసలు వాపసు అడిగితే ఇచ్చేది. తన తరఫున ఒక మనిషి చుట్టాల ముందు మాట పడ్డాడు. తను మసి వేళ్లు దాచుకుని నిలబడింది. చేతులు కడిగింది. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు.

మరునాడు పొద్దున్నే ఇంద్రేశం వెళ్లింది. జంగయ్య పనికి తయారవుతున్నాడు. రేకుల ఇంటి ముందు గదిలో మొగులమ్మ పటం గోడకు ఉంది. నిన్నటి బంతిపూల దండ ఇంకా వాడలేదు.

గడపలోనే నిలబడి చెప్పింది. "కాకా, అది కాయితం మీద గీసింది కాదు. ట్యాబ్‌ల గీసి ప్రింట్ తీపిచ్చిన. మసి పైన పూసిన."

జంగయ్య గోడ మీది పటం వైపు చూశాడు. "గా పెన్ను పట్టింది నీ చెయ్యి కాదా?" అన్నాడు.

"నా చెయ్యే. కని మీరు అడిగింది గది కాదు."

"మరి నిన్న మా చెల్లె ముందట నన్నెందుకు మాట్లాడనిచ్చినవు?"

బయట షేర్ ఆటో హారన్ కొట్టింది.

"ఇక్కడనే కూసొని కాయితం మీద మళ్ల గీస్త" అంది.

అతను టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. "గీసుకో. పోయెతప్పుడు తలుపు దగ్గరికెయ్యి." గడప దాటి ఆగాడు. "ఈసారి నేను వేలు పెట్టి సూడ."

అది నమ్మకమో కాదో ఆమెకు తెలియలేదు. ఆటో వెళ్లిపోయింది. వనజ అట్ట మీద కాగితం బిగించి, నీళ్ల బిందెకు తండ్రి అద్దాన్ని ఆనించి, పటానికి వీపు తిప్పి నేల మీద కూర్చుంది. అద్దంలో మొగులమ్మ సరిగ్గా ఉంది. తెగిన కనుబొమ దగ్గర మొదలుపెట్టింది.