నేను కొట్టిన ఒక్క లైను

పాతబస్తీలో పాతికేళ్లుగా జరిగిన పెళ్లిళ్లన్నింటినీ ఒకే ఒక్క లైను టైపు చేసి మబ్బుల్లోకి ఎక్కించిన మనిషిని నేను. కీబోర్డు వైపు చూడకుండా, ఒక్క తప్పు లేకుండా, ఒక చేత్తో చాయ్ తాగుతూ.

సరే, చాయ్ సంగతి వదిలేయండి. పెళ్లిళ్లన్నీ అన్నది కూడా కొంచెం ఎక్కువే. ఛత్రినాకలో మా ఇంటికి నాలుగు దుకాణాల అవతల ఉన్న ఫోటో స్టూడియో ఆయన తీసిన పెళ్లిళ్లు మాత్రమే. మిగతాదంతా నిజం. దాదాపు.

రిటైరైనప్పటి నుంచి నా పొద్దు ఆ స్టూడియోలోనే గడుస్తుంది. పాస్‌పోర్టు ఫోటోకు జనం కూర్చునే గుండ్రటి స్టూలు నాది. ఎవరైనా ఫోటోకు వస్తే లేచి నిలబడతాను, వాళ్లు వెళ్లగానే మళ్లీ కూర్చుంటాను. స్టూడియో ఆయన నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు, చాయ్ తెప్పిస్తాడు. ఇంతకంటే ఏం కావాలి?

మొన్న వానాకాలంలో ఒకరోజు మూలమలుపులో పూలమ్మే ఆమె ఉత్తచేతులతో లోపలికి వచ్చి స్టూడియో ఆయన ముందు నిలబడింది. ఆమె భర్త పెళ్లి పందిళ్లకు పూలు కట్టేవాడు. పోయి ఏడాది కావస్తోంది.

"అన్నా, వచ్చే ఆదివారం ఆయన సంవత్సరీకం. ఇంట్ల ఆధార్ కార్డు ఫోటో తప్ప ఇంకోటి లేదు. అండ్ల చూస్తే దొంగతనం చేసి దొరికినోని లెక్కున్నడు. దానికి దండెయ్యబుద్ధి అయితలేదు. నీ దగ్గర నవ్విన ఫోటో ఉంటది గదా?"

ఉంటుంది. ఎందుకుంటుందో చెప్పాలి. పెళ్లికొడుకు పందిట్లోకి రాకముందే లైట్లు సరిచూసుకోవాలి కాబట్టి, స్టూడియో ఆయన అక్కడే పూలు కడుతున్న మనిషిని పిలిచి వరుడి జాగాలో నిలబెట్టేవాడు. "ఒక్క నిమిషం పెళ్లికొడుకు లెక్క నిలబడు భాయ్" అనేవాడు. ఆ మనిషికి అదొక సరదా. ఒకసారి మీసం తిప్పేవాడు, ఒకసారి సిగ్గుపడేవాడు. వేరే ఫోటోగ్రాఫరైతే అలాంటివి ఆరోజే చెరిపేస్తాడు. మావాడు ఏదీ చెరపడు. ఆయన గొప్పతనమూ అదే, తిప్పలూ అదే.

తిప్పలు ఏమిటంటే, ఆ ఫోటోలన్నీ ఉన్న హార్డ్‌డిస్కుకు ప్రాణం మీదికొచ్చింది. ఆన్ చేస్తే లోపల టక్ టక్ మని కొట్టుకుని, కాసేపు కనిపించి మాయమవుతోంది. అంతకుముందు రెండు డిస్కులు ఇట్లాగే టక్కుమని, తర్వాత మరి పలకలేదు. ఆమెకు ఆ మాట చెప్పలేక స్టూడియో ఆయన "ఆదివారంలోపు ఇస్త, ఫికర్ చెయ్యకు" అనేశాడు. ఆమె వెళ్లాక నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

ఆయన కూతురు ఒక కంపెనీలో కంప్యూటర్ల లోపలి పని చేస్తుంది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద వానకు స్కూటీ జారి, కుడి మణికట్టుకు పట్టీ వేయించుకుని ఇంట్లో ఉంది. మర్నాడు వచ్చి డిస్కును చెవి దగ్గర పెట్టుకుని వింది.

"ఇంకొక్కసారి తిరుగుతదేమో గంతే. దాన్ని ముట్టుకోకు బాపు. కాపీ పెట్టేటందుకు జాగ తయారైనంకనే ఆన్ చెయ్యాలె."

"ఇంకో డిస్కు కొంటగదా?"

"అది గూడ రెండేండ్లకు టక్ టక్ అంటది. మళ్ల లొల్లి."

స్టూడియోలో మూలన ఒక చిన్న డబ్బాలాంటి కంప్యూటరును ఆమె అంతకుముందే సిద్ధం చేసి పెట్టింది. దాని కథ నాకు చెప్పింది. అసలు సరుకంతా ఎక్కడో కిరాయికి తీసుకున్న పెద్ద కంప్యూటర్లలో ఉంటుంది, దాన్నే క్లౌడ్ అంటారు. రోజూ అడిగేవి మాత్రం ఈ డబ్బాలోనూ ఒక కాపీ ఉంటాయి, చప్పున దొరకడానికి. కొత్తగా ఏది పెట్టినా ముందు ఈ డబ్బాలో పడి, తర్వాత నిమ్మళంగా పైకి పోతుంది. నాకు వెంటనే అర్థమైంది.

వెంటనే అంటే మూడోసారికి. స్టూడియో ఆయన అద్దాల బీరువా వైపు, తర్వాత అటక వైపు చేయి చూపించాక.

ఇక ఆ డబ్బాకు "ఇంత జాగ కావాలి, ఈ పేరు పెట్టు" అని ఆర్డరు రాసివ్వాలి. మౌసు లేదు, బొమ్మలు లేవు. నల్లటి తెర, దాని మీద మినుకుమినుకుమనే ఒక గీత. తండ్రి ఒక్కో అక్షరాన్ని పోయిన తాళంచెవిలా వెతుక్కునే మనిషి. కూతురి కుడిచేయి పట్టీలో ఉంది.

"జరగండి," అన్నాను. "ఇంగ్లీషు టైపింగ్ హయ్యర్ పాసైన చెయ్యి ఇది. నువ్వు చెప్పు బిడ్డా, నేను కొడత."

ఆమె చెప్పింది, నేను కొట్టాను. అడ్డగీతలు, చిన్న అక్షరాలు, డబ్బా చిరునామా. అచ్చం ఆఫీసులో డిక్టేషన్ తీసుకున్నట్టే ఉంది. వేళ్లకు వయసు తగ్గింది. చివరికి సైజు దగ్గరికొచ్చాం. ఐదువందల జీబీ అని రాస్తే ఆ తెరకు తెలియదట, బైట్లలో చెప్పాలట. ఆమె ఒక్కో అంకె చదివింది, నేను కొట్టి ఎంటర్ నొక్కాను.

తెర నిండా ఇంగ్లీషు తిట్లు.

ఆమె వంగి చూసింది. "ఏంది పెద్దబాపు ఇది?"

తెర మీద 5,36,87,09,12,000/- అని ఉంది.

"యాభై మూడు వేల ఆరువందల ఎనభై ఏడు కోట్ల తొమ్మిది లక్షల పన్నెండు వేలు," అన్నాను గర్వంగా. "కరెక్టే గదా?"

"కామాలెందుకు పెట్టినవ్? వెనక గా గీతలేంది? రూపాయలా ఇవి?"

మా ఆఫీసు సూపరింటెండెంటు రూపాయల లెక్కల్లో కామాలు లేని పెద్ద అంకెను, వెనక గీతా అడ్డగీతా లేని అంకెను టేబుల్ మీదికే రానిచ్చేవాడు కాదు. గీత లేకపోతే ఎవడో ఒక సున్నా తగిలిస్తాడని ఆయన భయం. ఆ భయం ముప్ఫై ఏళ్లలో నా వేళ్లలోకి దిగిపోయింది. తప్పు లేకుండా కొట్టానని మొదట్లో అన్నానే, అది అబద్ధమని ఒప్పుకుంటున్నాను. కామాలు తప్పు. అవి తీసేశాక జాగా తయారైంది. స్టూడియో కంప్యూటర్లో కొత్త డ్రైవు ఒకటి ప్రత్యక్షమైంది.

అప్పుడు డిస్కు పెట్టారు. టక్ టక్ మంది. ఫోల్డర్లు కనిపించాయి.

"మొదటి నుంచి కాపీ చేద్దాం," అన్నాడు స్టూడియో ఆయన.

"పూలాయన ఉన్న పెండ్లి ముందు," అన్నది కూతురు. ఆ మాట నేనే అన్నానని ఊళ్లో చెప్పుకుంటున్నాను, పట్టించుకోకండి.

ఆ డిస్కులో ఉన్న పన్నెండు పెళ్లిళ్లలో తొమ్మిది వచ్చాక అది ఆగిపోయింది. ఎంత తట్టినా పలకలేదు. స్టూడియో ఆయన కాసేపు తల పట్టుకుని, తర్వాత తనే తేరుకున్నాడు. "పోయినవి మూడే అన్నా. అండ్ల ఒక జంట విడాకులు గూడ తీసుకున్నది."

పూలాయన దొరికాడు. వరుడి జాగాలో, మెడలో తను కట్టిన బంతిపూల దండే వేసుకుని, పళ్ల మధ్య దారం పట్టుకుని నవ్వుతున్నాడు. పెద్ద సైజు ప్రింటు తీసి ఫ్రేము కట్టారు.

శనివారం ఆమె వచ్చి చూసింది. మొదట నవ్వింది. "పండ్లతోని దారం తెంపకు, పండ్లు ఊడుతయంటే వింటడా?" అంది. తర్వాత కొంగుతో అద్దం తుడిచింది. అద్దం శుభ్రంగానే ఉంది.

నాకు ఆగబుద్ధి కాలేదు. స్టూలు మీంచి లేచి చెప్పాను. "డిస్కు సచ్చిపోయిందమ్మా. మీ ఆయన మబ్బులల్ల ఉండె. ఒక్క లైను కొట్టిన, కిందికి దించిన."

ఆమె నాకు రెండు చేతులూ జోడించింది. "నీ కడుపు సల్లగుండ అన్నా."

లోపలి నుంచి స్టూడియో ఆయన కూతురు తల బయట పెట్టింది.

"మబ్బులకెల్లి ఎవరూ దిగలే అత్తా. ఫోటో అప్పటికింక పైకే పోలే, గీ మూలకున్న డబ్బలనే ఉండె. పెద్దబాపు లైను మూడుసార్లు కొట్టి మూడుసార్లు తప్పు కొట్టిండు. కామాలు తీసినంక వెనక గీతలు ఉంచిండు, అవి తీసినంక పేరుకు పెద్దక్షరం పెట్టిండు. నాలుగోది నేనే ఎడమ చేత్తోని కొట్టిన."