చెరువు పూడికలో పడిన తాంబూలం

వీరదుర్గ చీర కడితే స్తంభం కూడా పెళ్లికూతురిలా నిలబడుతుందని తాడేపల్లిగూడెంలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది వీరదుర్గే అనుకోండి, కాదన్నవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు.

పెళ్లికూతుళ్లని ముస్తాబు చేయడం ఆవిడ పని. ముందు మాట్లాడుకున్నది కూలి. పీటల మీద పిల్లని చూసి మురిసిపోయి, పెళ్లికూతురి తల్లి బొట్టు పెట్టి తమలపాకుల మధ్య పెట్టిచ్చేది తాంబూలం. కూలి లెక్కపెట్టి తీసుకుంటుంది. తాంబూలం కళ్లకద్దుకుని సంచిలో వేసుకుంటుంది. ఎంతొస్తుందని ఎవరైనా అడిగితే, "ఏముందండీ, పిన్నుల ఖర్చుకి చాలదు" అంటుంది. దిష్టి తగలకుండా ఆ మాట అని అని, చివరికి తనే నమ్మే స్థితికి వచ్చింది.

బస్టాండు పక్కన ఒక గది ఖాళీ అయింది. అది అద్దెకి తీసుకుని, లోపల నిలువుటద్దం, గుమ్మానికి తన పేరు పెట్టాలని వీరదుర్గ కోరిక. నెలాఖరులోగా అడ్వాన్సు ఇవ్వకపోతే సెల్‌ఫోన్లవాడు ఎగరేసుకుపోతాడు. అప్పుకి వెళితే బ్యాంకు ఆయన ఆదాయప్పన్ను కాగితాలు తెమ్మన్నాడు. ఆవిడ ఏలూరు బస్సెక్కి ఆడిటరు సూర్యప్రకాశరావు దగ్గరికి వెళ్లింది.

ఆదాయం ఎంతని ఆయన అడగ్గానే అలవాటు ప్రకారం "ఏముందండీ" అంది. ఆయన అదే రాసుకుని, ఈ ఆదాయానికి గది మాట అటుంచి అద్దానికి కూడా అప్పు పుట్టదన్నాడు. తాంబూలాలు కూడా కలపమన్నాడు. వీరదుర్గకి ఒళ్లు మండింది. బొట్టు పెట్టి ఇచ్చింది కూలిలో ఎలా కలుపుతారని నిలదీసింది.

"బొట్టు మీరే ఉంచుకోండమ్మా. నోటు మాత్రం ఆదాయమే," అన్నాడాయన.

పైగా పిన్నులు, పౌడర్లు, బస్సు ఛార్జీలు అందులోంచి తీసేసుకోవచ్చన్నాడు. ఆ మాటకి ఆవిడ మనసు కాస్త మెత్తబడింది. పెద్ద తాంబూలాలకి మాత్రం ఇచ్చినవాళ్ల చేత ఒక ముక్క రాయించుకుంటే బ్యాంకుకి చూపించవచ్చట.

అన్నిట్లోకీ పెద్దది కలిదిండి చేపల చెరువుల నరసరాజుగారిది. పెద్దమ్మాయి పెళ్లిలో ఆయన మైకు అందుకుని, మా అమ్మాయిని లక్ష్మీదేవిలా తయారుచేసినందుకు పదివేలని ఊరంతా వినేలా చెప్పి ఇచ్చారు. ఫొటో సరిగా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు కూడాను.

ఆ పేరు వినగానే ఆడిటరుకి పొలమారింది. రాజుగారి లెక్కలు చూసేదీ ఆయనే మరి. ఒకే సొమ్ము రెండు చోట్ల రెండు వేషాలేస్తే తన పీకకి చుట్టుకుంటుందని భయమేసి కక్కేశాడు. ఇంట్లో పెళ్లి ఖర్చు చూపించి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు, చెరువు ఖర్చయితే కుదురుతుంది. అందుకని ఆ పదివేలూ పూడిక తీసిన కూలీల కింద రాయించారట.

వీరదుర్గ సంచి చంకన పెట్టుకుని లేచింది. వెంటనే కలిదిండి బస్సెక్కింది.

నరసరాజుగారు మర్యాదకి తక్కువ చేసే మనిషి కాదు. కుర్చీ వేయించారు, కాఫీ తెప్పించారు. విషయం విని కాసేపు మీసం సవరించుకున్నారు.

"పూడిక తీసినట్టే రాసిస్తానమ్మా. బ్యాంకువాడికి డబ్బు కావాలి గానీ, చీరలోంచి వచ్చిందా బురదలోంచి వచ్చిందా అని వాడికెందుకు?"

ఆ కాగితం పుచ్చుకుంటే గది దక్కుతుంది. నిలువుటద్దం ఒక్క క్షణం కళ్లముందు మెరిసింది కూడా. కానీ ఆ అద్దంలో రోజూ చూసుకోవాల్సింది తన మొహమే కదా. కాఫీ గ్లాసు కింద పెట్టి, గుమ్మంలో నిలబడ్డ రాజుగారి భార్య వెంకటనరసమ్మగారి వైపు తిరిగింది.

"అమ్మగారూ, చిన్నమ్మాయిగారి పెళ్లికి ఇంకెవరినైనా చూసుకోండి. బురదెత్తే చేతులతో పట్టుచీర ముట్టుకుంటే ఏం బావుంటుందండీ?"

పెద్దమ్మాయి కుచ్చిళ్ల గురించి వియ్యాలవారు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఆ గొప్పంతా వెంకటనరసమ్మగారు తన ఖాతాలో వేసుకుని ఉన్నారు. ఆవిడ మొగుడి వైపు చూశారు.

"ఏవండీ, చెరువులో అబద్ధాలు చెరువులోనే ఉంచండి. నా పందిట్లోకి తేకండి."

కోట్ల చేపలు పట్టిన చెయ్యి, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినందుకే ఇచ్చానని రాసి సంతకం పెట్టింది. పూడిక ఖర్చులోంచి పదివేలు తీసేయమని ఆడిటరుకి ఫోను చేయక తప్పలేదు. ఆ చీర కట్టించిన ఖర్చు చీర ఖరీదుని మించిపోయిందని రాజుగారు వాపోయారు.

అప్పు వచ్చింది, గది వచ్చింది. అన్నీ కలిపి, పిన్నులూ పౌడర్లూ తీసేశాక పన్ను పైసా పడదని ఆడిటరు చెబితే మాత్రం వీరదుర్గ చిన్నబుచ్చుకుంది. ఇంత రచ్చ చేసి, పన్ను కట్టేంత మనిషిని కూడా కాలేదా అని.

చిన్నమ్మాయి పెళ్లిలో వెంకటనరసమ్మగారు బొట్టు పెట్టారు. రాజుగారు ఈసారి మైకు జోలికి పోకుండా, గుట్టుగా ఆకుల మధ్య నోట్లు పెట్టి చేతికిచ్చారు. వీరదుర్గ కళ్లకద్దుకుంది గానీ సంచిలో వేసుకోలేదు.

"మైకు తీసుకోండి రాజుగారూ. ఎంతిచ్చారో చెప్పక్కర్లేదు. దేనికిచ్చారో చెబితే చాలు."