దాదా అంటే

ఒక్క మాట వల్ల నా ఫుట్‌బాల్ కొద్దిలో ఆగిపోయేది. ఆ మాట ‘దాదా’.

అప్పుడు నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. పొద్దున్నే లాలాపేట్ నుంచి క్యాంపస్ గ్రౌండ్‌కు వెళ్లి, ఆడి, అటునుంచి అటే క్లాసుకు పరుగెత్తేదాన్ని. మాకు ఆట నేర్పింది ఒక బెంగాలీ పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు ఆయన ఆట చూసే రైల్వేవాళ్లు ఉద్యోగమిచ్చి లాలాగూడకు తెచ్చుకున్నారట. రిటైరయ్యాక తార్నాకలో అద్దెకుంటూ, ఆడపిల్లలకు టీమ్ లేదని తనే ఒకటి కూర్చాడు. గ్రౌండ్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు, బూట్ల కోసం తెలిసినవాళ్లందరినీ సతాయించాడు. ఇన్నేళ్లున్నా ఆయన నోట్లో ‘వ’ పలికేది కాదు. "బాన బస్తే రానీ, ఆట ఆపద్దు" అనేవాడు. మేం పడీపడీ నవ్వితే ఆయనా నవ్వేవాడు.

ఆయన్ని అందరం దాదా అనేవాళ్లం. ఒకరోజు ఫోన్‌లో నేను "దాదా రమ్మన్నడు, పోకుంటే ఊకోడు" అనడం అమ్మ చెవిన పడింది. మన గల్లీల్లో దాదా అంటే ఎవరో చెప్పాలా? "రేపటి సంది గ్రౌండ్ బంద్" అంది. ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ ఆట లేకపోతే నాకు ఊపిరాడదని ఆమెకు ఎలా చెప్పను? మర్నాడు ఆ దాదా సంగతేందో చూస్తానని తనే బయల్దేరింది.

గ్రౌండ్‌లో దాదా వంగి, డబ్బాలోంచి ముగ్గు పోస్తూ గీత గీస్తున్నాడు. గీత వంకర పోతోంది.

"గీడ దాదా ఎవరు?" అంది అమ్మ.

"నేనే అమ్మా."

అమ్మ ఆయన నెరిసిన జుట్టునూ, మోకాళ్ల దాకా ఉన్న నిక్కరునూ చూసింది. "నువ్వా?"

ఆయనకు విషయం అర్థమైంది. "మా దిక్కు దాదా అంటే అన్న. బేరే ఏం లేదమ్మా."

అమ్మకు తోడబుట్టినవాళ్లు లేరు. రాఖీ పున్నమ నాడు వాడకట్టు ఆడవాళ్లంతా తల్లిగారిళ్లకు బస్సులెక్కుతుంటే, అమ్మ సరిగ్గా ఆ రోజే ఇంట్లో బూజు దులిపే పని పెట్టుకునేది.

అమ్మ ఆయన చేతిలోని డబ్బా అందుకుంది. "ముగ్గు గిట్లనా పోసేది? జర జరుగుండ్రి." కొంగు దోపుకుని ఆ చివరిదాకా పోసుకుంటూ వెళ్లింది. గీత తీగ లాగినట్టు వచ్చింది. నన్ను ఆడనిస్తుందో లేదో తెలియక నేను బూట్లు చేత్తో పట్టుకునే నిలబడ్డాను. అమ్మ డబ్బా తిరిగిచ్చి, "క్లాసు టైముకు ఇడిచిపెట్టు పిల్లను, అన్నా" అంది.

ఇవాళ నేను ఒక స్కూల్లో పిల్లలకు ఆట నేర్పి బతుకుతున్నాను. అది దాదా పెట్టిన భిక్ష. ఆ పొద్దు మనసు మార్చుకున్న అమ్మకు ఇంకా ఎక్కువ రుణపడ్డాను.

దాదా మోకాళ్లు ఇప్పుడు గ్రౌండ్ దాకా రానివ్వవు. రాఖీ పున్నమకు అమ్మ బూజు దులపడం మానేసింది. పొద్దున్నే కొత్త చీర కట్టుకుని తార్నాక ఆటో ఎక్కుతుంది. ఏడికి పోతున్నవని పక్కింటావిడ అడిగితే, "తల్లిగారింటికి" అంటుంది.